బాల్కనీలో చలికాలపు కూరతోట



పట్నంలో ఇల్లంటే ఎంత? రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు నాలుగడుగుల బాల్కనీ. అందులోనే బట్టలు ఆరెయ్యాలి. అందులోనే నీళ్ల డ్రమ్ము పెట్టుకోవాలి. మరి తోట ఎక్కడ వేస్తారు?

ఆ నాలుగడుగుల్లోనే వెయ్యొచ్చు. ఈ రోజు మాట దాని గురించే. వానలు పోయి చలి మొదలయ్యే ముందు కుండీలను ఎట్లా సిద్ధం చేసుకోవాలి? ఏ విత్తనం ఎప్పుడు వెయ్యాలి? ఏ పొరపాట్లు చెయ్యకూడదు? అన్నీ ఒక్కొక్కటిగా వినండి.

ముందు ఒక ఇంటి సంగతి. ఇట్లాంటి ఇళ్లు హైదరాబాదులో వీధికి పది ఉంటాయి.

ఒక ఇంటి సంగతి

ఆ ఇంట్లో భర్త ఆటో నడుపుతాడు. భార్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు వాళ్లతోనే ఉంటుంది. కూతురు పదో తరగతి చదువుతోంది. రెండో అంతస్తులో అద్దెకుంటారు. కింద ఇంటి ఓనరమ్మ ఉంటుంది.

కూతురికి ఊరికే ఆయాసం వచ్చేది. మెట్లెక్కితే కూర్చుండి పోయేది. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 12 గ్రాములన్నా ఉండాలి. ఆ పిల్లకు తొమ్మిదిన్నరే ఉంది. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. "మాత్రలు మానొద్దు. ఆకుకూరలు బాగా పెట్టు" అని చెప్పింది.

ఆకుకూర రోజూ కొనాలంటే ఆ ఇంటికి బరువే. అందుకని తల్లి ఒక పని చేసింది. బజారుకు పోయి నాలుగు విత్తనాల పొట్లాలు కొన్నది. వానాకాలంలో మొక్కలు చచ్చిపోయిన పాత కుండీల్లోనే ఆ విత్తనాలు చల్లింది. రోజూ పొద్దున, సాయంత్రం నీళ్లు పోసింది.

ఏం లాభం? రెండు కుండీల్లో ఒక్క మొలక కూడా రాలేదు. మూడో దాంట్లో వచ్చిన మొలకలు కుళ్లిపోయాయి. బురద నీళ్లు కారి కింద ఓనరమ్మ ఆరేసుకున్న చీరల మీద పడ్డాయి. ఓనరమ్మ పైకొచ్చి, "ఈ కుండీలు తీస్తావా, ఇల్లు ఖాళీ చేస్తావా?" అని అడిగింది.

ఆ తల్లి కుండీలన్నీ ఒక మూలకు నెట్టేసింది. "నా చేతికి మొక్క రాదు" అనుకున్నది.

తప్పు ఆమె చేతిది కాదు. తప్పులు నాలుగు జరిగాయి. మట్టి మార్చలేదు. పొట్లం మీద తేదీ చదవలేదు. నీళ్లు ఎక్కువ పోసింది. కుండీ కింద పళ్లెం పెట్టలేదు. ఈ నాలుగూ దిద్దుకోగలిగినవే.

చలికాలమే ఎందుకు?

తెలుగు నేలలో కూరగాయలకు అన్నిటికన్నా మంచి కాలం చలికాలం. ఎండాకాలంలో గచ్చు కాలిపోతుంది. కుండీలో మట్టి మధ్యాహ్నానికే పిండి అయిపోతుంది. వానాకాలంలో మట్టి ముద్ద అయి వేళ్లు కుళ్లుతాయి. చలికాలంలో ఈ రెండు బాధలూ ఉండవు.

పాలకూర, మెంతికూర, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠాణీ - ఇవన్నీ చల్లదనం కోరే పంటలు. ఎండ ముదిరితే కొత్తిమీర, పాలకూర ఆకు ఇవ్వకుండా పూతకు పోతాయి. చలిలో అయితే నిదానంగా, మెత్తగా ఆకు వేస్తాయి.

అయితే ఒక మాట. చలి ముదిరాక విత్తనం వేస్తే మొలక మందగిస్తుంది. పొద్దు కూడా తక్కువ. "పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు" అని పెద్దల మాట. అందుకే చలి రాకముందే మొలక పైకి రావాలి.

ఎప్పుడు మొదలు పెట్టాలి?

తెలంగాణలో, రాయలసీమలో దసరా, దీపావళి మధ్య పని మొదలుపెట్టాలి. ఊళ్లో సేద్యం చేసినవాళ్లు కార్తెల లెక్క చెప్తారు. స్వాతి కార్తె అక్టోబరు 24 ప్రాంతంలో వస్తుంది. విశాఖ కార్తె నవంబరు 6 ప్రాంతంలో వస్తుంది. ఈ రెండు కార్తెలు విత్తనానికి అనువైనవి.

కోస్తాలో కొంచెం ఆగాలి. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల భయం ఉంటుంది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకింది. మిచాంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫాను కబురు వినగానే పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించాలి. గాలికి ఎగిరిన కుండీ మనిషి మీద పడితే ప్రాణం పోతుంది.

ఎండ లెక్క

విత్తనం కొనకముందే బాల్కనీలో ఎండ ఎంతసేపు ఉంటుందో చూసుకోవాలి. ఇది చాలామంది చెయ్యని పని.

చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు. కాబట్టి దక్షిణం ముఖం బాల్కనీలో ఎండ లోపలి దాకా వస్తుంది. ఎండాకాలంలో నీడగా ఉన్న చోటు కూడా చలికాలంలో వెలుగుతుంది. ఉత్తరం ముఖం బాల్కనీకి మాత్రం ఎండ సరిగా తగలదు. తూర్పు బాల్కనీకి పొద్దుటి ఎండ, పడమటి బాల్కనీకి సాయంత్రం ఎండ వస్తాయి.

ఒక రోజు సుద్దముక్క తీసుకోండి. పొద్దున ఎనిమిదికి ఎండ ఎక్కడ పడిందో నేల మీద గీత గీయండి. గంటకోసారి గీయండి. సాయంత్రానికి లెక్క తేలుతుంది.

మూడు నాలుగు గంటల ఎండ ఉంటే ఆకుకూరలు వస్తాయి. ఆరు గంటలు ఉంటే టమాట, వంగ, మిరప, కాలీఫ్లవర్ వెయ్యొచ్చు. రెండు గంటలు కూడా లేకపోతే పుదీనాతో సరిపెట్టుకోవాలి. ఎండ లేని చోట టమాట వేసి, కాయలేదని ఏడిస్తే లాభం లేదు.

బరువు జాగ్రత్త!

ఇది ప్రాణాలకు సంబంధించిన మాట. శ్రద్ధగా చదవండి.

20 లీటర్ల బకెట్టు నిండా తడి మట్టి ఉంటే 30 కిలోల పైనే తూగుతుంది. అట్లాంటివి పది పెడితే 300 కిలోలు. అంటే ఐదుగురు పెద్దవాళ్లు రాత్రింబవళ్లు బాల్కనీలో నిలబడినట్టు. బాల్కనీ గోడ బయటికి పొడుచుకొచ్చిన పలక. దాని చివర బరువు పడితే ప్రమాదం.

అందుకని పెద్ద కుండీలను ఇంటి గోడకు ఆనించి పెట్టాలి. చిన్నవి మాత్రమే ముందు వైపు పెట్టాలి. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే బరువు తగ్గుతుంది. పిట్టగోడ మీద కుండీ పెట్టొద్దు. రెయిలింగుకు బయటి వైపు వేలాడదీయొద్దు. బాల్కనీ కింద సున్నం రాలుతున్నా, ఇనుప చువ్వలు కనపడుతున్నా అక్కడ తోట వెయ్యనే వద్దు. అద్దె ఇల్లయితే ముందు ఓనరును అడగాలి.

ఏ కుండీ కావాలి?

కొత్త కుండీలే కొనాలని లేదు. పగిలిన బకెట్టు, పాత టబ్బు, బియ్యం సంచి, పళ్లు వచ్చే థర్మాకోల్ పెట్టె - అన్నీ పనికొస్తాయి. కానీ పురుగుమందు డబ్బా మాత్రం ఎన్నిసార్లు కడిగినా పనికిరాదు. అందులో పెరిగిన కూర తినకూడదు.

కుండీకి అడుగున చిటికెన వేలు పట్టేటట్టు నాలుగైదు చిల్లులు ఉండాలి. చిల్లుల మీద పెంకు ముక్క బోర్లించాలి. అప్పుడు నీళ్లు పోతాయి, మట్టి పోదు. ప్రతి కుండీ కింద పళ్లెం పెట్టాలి. లేకపోతే కింది వాళ్లతో గొడవ తప్పదు.

లోతు కూడా చూసుకోవాలి. ఆకుకూరలకు ఆరు అంగుళాల లోతు చాలు. ముల్లంగి, క్యారెట్ కు అడుగు లోతు కావాలి. టమాట, వంగ మొక్కకు ఒక్కో దానికి పెద్ద బకెట్టు కావాలి.

పాత కుండీ అయితే లోపల, బయట కొబ్బరి పీచుతో రుద్ది కడగాలి. పాకుడు, నత్తలు, నత్త గుడ్లు పోవాలి. రెండు రోజులు ఎండలో బోర్లించాలి.

మట్టికి ఎండ చూపించాలి

వానలకు కుండీలో మట్టి గట్టి పడుతుంది. అందులో సారం కొట్టుకు పోతుంది. తెగుళ్లు దాక్కుంటాయి. అంతమాత్రాన ఆ మట్టిని పారెయ్యొద్దు. దాన్ని మళ్లీ బాగు చెయ్యొచ్చు.

కుండీలోని మట్టి మొత్తం గోనెసంచి మీద గుమ్మరించాలి. పాత వేళ్లు, పురుగులు ఏరెయ్యాలి. గడ్డలు చితక్కొట్టాలి. పల్చగా పరిచి నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. రోజుకోసారి తిరగెయ్యాలి. తెగులుతో చచ్చిన మొక్కను మాత్రం ఎరువులో కలపొద్దు. బయట పారెయ్యాలి.

తర్వాత ఈ లెక్కలో కలపాలి:

మట్టి రెండు తట్టలు.
బాగా మాగిన పశువుల ఎరువు, లేదా వానపాముల ఎరువు ఒక తట్ట.
కొబ్బరి పొట్టు ఒక తట్ట.
కుండీకి ఒక గుప్పెడు వేపపిండి.

పచ్చి పేడ వెయ్యొద్దు. అది వేడి చేసి వేళ్లను మాడుస్తుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిగా ఉంటుంది. పేడ వాసన రాదు.

కలిపిన మట్టి బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది? కొంచెం తడిపి పిడికిట పట్టి ముద్ద చెయ్యండి. వేలితో పొడిస్తే ముద్ద విడిపోవాలి. విడిపోకపోతే జిగట ఎక్కువని అర్థం. ఇంకొంచెం కొబ్బరి పొట్టు కలపండి. అసలు ముద్దే కాకపోతే ఎరువు తక్కువని అర్థం.

కుండీని అంచు దాకా నింపొద్దు. రెండు అంగుళాలు ఖాళీ ఉంచితే నీళ్లు పొర్లవు.

పొట్లం మీద ఏముంది? చదవండి!

ఆ ఇంట్లో తల్లి ఈ ఏడు రాత్రిబడికి పోయి చదవడం నేర్చుకున్నది. ఒక రోజు డబ్బాలో మిగిలిన పాత పొట్లం ఆమె కంటబడింది. కూడబలుక్కుని చదివింది. పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ పొట్లం మీద ఉన్నాయి. ఆమె కొన్న రోజుకే గడువు దాటి ఏడాది అయింది! అంగడివాడు ఇచ్చాడు. ఆమె తీసుకున్నది. గింజ మొలవకపోతే తన చెయ్యి మంచిది కాదనుకున్నది.

"చదువు వచ్చుంటే అప్పుడే వాపసు ఇచ్చేదాన్ని గదత్తా" అన్నదామె.

"పోనీ లేవే. ఈ ఏడు చదివి కొను" అన్నది అత్తగారు.

విత్తనాల పొట్లం కొనేటప్పుడు ఈ సంగతులు చూడండి:

ఏ పంట? ఏ రకం?
మొలక శాతం ఎంత?
పరీక్ష చేసిన తేదీ ఎప్పుడు?
ఏ తేదీ దాకా పనికొస్తుంది?

మొలక శాతం 70 అంటే నూరు గింజల్లో 70 అన్నా మొలవాలని అర్థం.

పొట్లంలో గింజలకు గులాబీ రంగో, నీలం రంగో పూసి ఉంటే వాటికి మందు పట్టించారని తెలుసుకోవాలి. వాటిని తినకూడదు. పిల్లలకు అందనియ్యొద్దు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంట్లో ఉన్న గింజలు బాగున్నాయో లేదో చూసుకునే ఉపాయం ఒకటి ఉంది. పది గింజలు తడిగుడ్డలో మూట కట్టండి. గుడ్డ ఆరకుండా చూడండి. మెంతులు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. పాలకూర గింజలకు వారం, పది రోజులు పడుతుంది. పదింటికి ఎనిమిది మొలిస్తే మంచి విత్తనం. ఐదే మొలిస్తే రెట్టింపు గింజలు చల్లాలి. ఒకటి రెండే మొలిస్తే ఆ విత్తనం వద్దు.

ఏది ఎట్లా వెయ్యాలి?

మెంతులు: వంటింటి డబ్బాలో మెంతులే చాలు. రాత్రి నానబెట్టి పొద్దున చల్లాలి. పైన పల్చగా మట్టి కప్పాలి. నాలుగు వారాల్లో కూర చేతికి వస్తుంది.

కొత్తిమీర: ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి. ధనియాలను చెప్పు కింద గానీ, అప్పడాల కర్రతో గానీ మెల్లగా నలిపి రెండు బద్దలు చెయ్యాలి. పొడి కాకూడదు. రాత్రంతా నానబెట్టి వెయ్యాలి. మొలవడానికి పది రోజులు పట్టొచ్చు. మొలవలేదని మట్టి తవ్వొద్దు. నలభై రోజులకు కోతకు వస్తుంది.

పాలకూర, చుక్కకూర: నెల రోజులకు మొదటి కోత. మొక్క పీకొద్దు. మొదలు దగ్గర రెండు వేళ్లు వదిలి కొయ్యాలి. మళ్లీ మళ్లీ చిగురిస్తుంది.

ముల్లంగి: జానెడు దూరానికి రెండు గింజలు వెయ్యాలి. మొలిచాక బలమైనది ఉంచి రెండోది తీసెయ్యాలి. నలభై ఐదు రోజులకు గడ్డ వస్తుంది. ఆలస్యం చేస్తే బెండు పడుతుంది. ముల్లంగి ఆకు కూడా కూరకు మంచిది.

క్యారెట్: మూడు నెలల పంట. నారు పోసి నాటకూడదు. గింజ వేసిన చోటే పెరగాలి. నాటు మారిస్తే గడ్డ వంకర పోతుంది.

టమాట, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్: నారు తెచ్చుకుని నాటితే సులువు. సాయంత్రం పూట నాటాలి. మూడు రోజులు నీడన ఉంచి తర్వాత ఎండకు జరపాలి.

పుదీనా: బజారులో కొన్న కట్టలో లావుపాటి కాడలు ఏరి నాటితే చాలు. పుదీనాకు వేరే కుండీ ఉండాలి. లేకపోతే అది మిగతా మొక్కలను మింగేస్తుంది.

వెల్లుల్లి: రెబ్బ మొన పైకి ఉండేటట్టు గుచ్చాలి. పచ్చి ఆకులు పప్పులోకి బాగుంటాయి.

తోటకూర, గోంగూర వెచ్చదనం కోరే కూరలు. గట్టి చలిలో అవి సరిగా ఎదగవు. వాటిని మాఘమాసం దాటాక వేసుకోవచ్చు.

వారానికో తొట్టి

అన్ని కుండీల్లో ఒకేరోజు మెంతులు చల్లితే ఏమవుతుంది? నెల తర్వాత అంతా ఒకేసారి కోతకు వస్తుంది. ఒక వారం తినలేనంత కూర. తర్వాత నెల రోజులు ఏమీ ఉండదు.

అత్తగారు ఊళ్లో సేద్యం చేసిన మనిషి. ఆమె ఒక ఉపాయం చెప్పింది. "నాలుగు తొట్లున్నయి కదనే. వారానికో తొట్టి చల్లు. నాలుగో తొట్టి చల్లేసరికి మొదటిది కోతకొస్తది. కోసిన తొట్లో మళ్లీ చల్లు" అన్నది.

మెంతికూరకు నాలుగు వారాలు. తొట్లు నాలుగు. లెక్క సరిపోయింది. ఇక సంక్రాంతి దాటేదాకా వారానికో తొట్టి కూర వస్తూనే ఉంటుంది. రెండోసారి చల్లే ముందు తొట్టిలో రెండు గుప్పెళ్ల ఎరువు వెయ్యాలి.

నీళ్లు: తక్కువే మేలు

చలికాలంలో మొక్కలు ఎండి చచ్చేవాటికన్నా నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ. చలిలో మట్టి త్వరగా ఆరదు. వేళ్లకు గాలి ఆడదు. కుళ్లిపోతాయి.

మట్టిలో వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. పొడిగా ఉంటే పొయ్యండి. పొద్దున పూటే పొయ్యాలి. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకు తడిసి ఉంటుంది. తెగులు వస్తుంది.

బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు పొయ్యొచ్చు. ఉప్పు వేసిన నీళ్లు, సబ్బు నీళ్లు పొయ్యొద్దు.

పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబొయ్యాలి. డెంగ్యూ దోమ నిలవ ఉన్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారం, పది రోజుల్లో ఆ గుడ్డు దోమవుతుంది. కాబట్టి వారానికోసారి పళ్లేలను రుద్ది, కడిగి, ఆరబెట్టాలి. కూర కోసం పెట్టిన కుండీ జ్వరం తెచ్చిపెట్టకూడదు.

ముందే ఉన్న మొక్కల సంగతి

మల్లెకు చలికాలం నిద్రకాలం. నీళ్లు తగ్గించాలి. ఎండు కొమ్మలు, సన్న కొమ్మలు కత్తిరించాలి. ఎండలు మొదలయ్యాక వచ్చే కొత్త చిగురుకే పూలు పూస్తాయి.

తులసి చలికి ఆకు రాలుస్తుంది. భయపడొద్దు. వెన్నులు గిల్లేసి ఎండ తగిలే చోట పెట్టాలి. కరివేపాకు కూడా చలిలో ఎదుగుదల ఆపుతుంది. దానికి ఎరువు వెయ్యకుండా ఎండాకాలం దాకా ఓపిక పట్టాలి.

చామంతికి ఇదే పూత కాలం. చామంతి మొగ్గ వెయ్యాలంటే రాత్రి పొడుగ్గా, చీకటిగా ఉండాలి. రాత్రంతా ట్యూబులైటు వెలుగుతుంటే మొగ్గ ఆలస్యమవుతుంది. అందుకని చామంతి కుండీని లైటు పడని మూలన పెట్టాలి.

అదిలాబాదు వైపు, అరకు, లంబసింగి వైపు చలి గట్టిగా ఉంటుంది. అక్కడ రాత్రి పూట మొక్కల మీద పాత దుప్పటో, గోనెపట్టో కప్పాలి. గుడ్డ ఆకులకు తగలకుండా కర్రలు గుచ్చాలి. పొద్దున ఎండ రాగానే తీసెయ్యాలి.

పురుగు పడితే?

చలికాలంలో ముఖ్యమైన శత్రువు పేనుబంక. చిగుళ్ల కింద పచ్చగానో, నల్లగానో గుంపుగా ఉంటుంది. ఆకు ముడుచుకుపోతుంది. చీమలు పాకుతుంటే పేనుబంక ఉందేమో అని అనుమానించాలి.

కొంచెం ఉన్నప్పుడే వేలితో తుడిచెయ్యాలి. నీళ్లు గట్టిగా చిమ్మి కడగాలి. తగ్గకపోతే లీటరు నీళ్లలో ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లాలి. ఆకుల అడుగున కూడా పడాలి. చల్లాక వారం రోజులు ఆగి కూర కొయ్యాలి. బాగా కడిగి వండాలి.

క్యాబేజీ ఆకులకు చిల్లులు పడితే ఆకు తిరగేసి చూడండి. పచ్చ పురుగు ఉంటుంది. చేత్తో ఏరెయ్యండి. ఆకుల మీద తెల్ల బూడిద చల్లినట్టుంటే అది బూడిద తెగులు. ఆ ఆకులు తుంచి పారెయ్యాలి. కుండీలను దూరం జరిపి గాలి ఆడనియ్యాలి.

నాలుగు తొట్లకు ఘాటైన పురుగుమందులు కొనొద్దు. బాల్కనీ వంటింటి పక్కనే ఉంటుంది. పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

ఈ కూర ఎందుకు ముఖ్యం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక చేదు నిజం చెప్పింది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్ లోనూ లెక్క ఇంతకన్నా కొంచెం ఎక్కువే.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమంటోంది. నాలుగు తొట్లతో ఇంటిల్లిపాదికీ రోజూ అంత కూర రాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ వారానికి ఒకటి రెండు పూటల కూర ఇంట్లోనే వస్తుంది. అంత మేరకు బజారులో కొనే పని తగ్గుతుంది.

ఆకుకూరను ముందు కడిగి తర్వాత తరగాలి. కూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఇనుము సరిగా పట్టదు. ఒక గంటన్నా ఆగాలి. ఇంకో మాట మరవొద్దు. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఆకుకూర ఒక్కటే చాలదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకూడదు.

ఇంట్లో కూర మొదట ఎవరికి వడ్డిస్తారు? చివర్న ఎవరు తింటారు? గిన్నెలో అడుగున మిగిలిందే ఆడవాళ్లకు అంటే తోట వేసి లాభం లేదు.

ఆ ఇంట్లో ఈ ఏడు

దసరా సెలవుల్లో కూతురు సుద్దముక్కతో ఎండ గీతలు గీసింది. నాలుగు గంటల ఎండ అని తేలింది. తండ్రి ఆటోలో ఒక బస్తా కొబ్బరి పొట్టు, ఒక బస్తా ఎరువు తెచ్చాడు. అత్తాకోడళ్లు మట్టి ఎండబెట్టారు. ఈసారి ప్రతి కుండీ కింద పాత స్టీలు పళ్లేలు, ప్లాస్టిక్ మూతలు పెట్టారు.

తల్లి ముందుగా కిందికి పోయి ఓనరమ్మతో మాట్లాడింది. "కుండీలు గోడకే పెడతనక్కా. చుక్క నీళ్లు కింద పడనియ్య" అన్నది. ఓనరమ్మ పైకొచ్చి చూసింది. "సరే, చూస్తా" అని మాత్రం అన్నది.

స్వాతి కార్తెలో మొదటి తొట్టి చల్లారు. మూడో నాటికి మెంతి మొలకలు తలలెత్తాయి. కొత్తిమీర పదకొండో రోజు గానీ రాలేదు. కాలీఫ్లవర్ నారు ఒకటి నాటారు గానీ అది పువ్వు కట్టలేదు. నాలుగు గంటల ఎండ దానికి చాలలేదు. వచ్చే ఏడు దాని జోలికి పోరు.

మొదటి మెంతికూర కోసిన రోజు తల్లి ఒక గుప్పెడు కింద ఓనరమ్మకు ఇచ్చింది. మిగిలింది పప్పులో వేసింది. కూతురికి ముందు వడ్డించింది. నిమ్మకాయ పిండింది.

"అమ్మా, చేదుగుంది" అన్నది కూతురు.

"తిను. మెట్లెక్కేటప్పుడు తియ్యగ అనిపిస్తది" అన్నది నాయనమ్మ.

ఓనరమ్మ రెండు రోజుల తర్వాత పైకొచ్చింది. ఆమె చేతిలో పాత బకెట్టు ఒకటి ఉంది. "దీనికి చిల్లులెట్లా పెట్టాలె? నాకూ ఒకటి చేసియ్యి" అన్నది.

సంక్రాంతి పోయాక కూతురికి మళ్లీ రక్తం పరీక్ష ఉంది. మాత్రలు సాగుతున్నాయి. తొట్లు చిగురిస్తున్నాయి.

గుర్తుంచుకోండి

1. పెద్ద కుండీలు గోడ పక్కనే పెట్టాలి. పిట్టగోడ మీద వద్దు.
2. పాత మట్టిని ఎండబెట్టి, మాగిన ఎరువు కలిపి వాడాలి.
3. పొట్లం మీద గడువు తేదీ చదివి కొనాలి.
4. వారానికో తొట్టి చల్లాలి.
5. వేలు గుచ్చి చూసి, పొద్దున పూటే నీళ్లు పొయ్యాలి.
6. వారానికోసారి పళ్లేలు కడిగి ఆరబెట్టాలి.

ఆలోచించండి - మాట్లాడుకోండి

1. మీ బాల్కనీలో ఎండ ఎన్ని గంటలు ఉంటుంది? గీతలు గీసి చూశారా?
2. మీ ఇంట్లో ఉన్న ఒక పొట్లం తీసుకోండి. దాని మీది తేదీలు చదివి మీ పక్కవాళ్లకు చెప్పండి.
3. పది గింజల్లో ఆరు మొలిచాయి. నూరు గింజలు వేస్తే ఎన్ని మొలుస్తాయి?
4. మీ ఇంట్లో అందరికన్నా చివర ఎవరు తింటారు? ఎందుకు?